హైదరాబాద్‌లో ఎక్కడ దిగుదాం?

పని ఒక మూల, గది ఇంకో మూల అయితే నగరంలో ఉన్న రెండు రోజులూ రోడ్డు మీదే గడిచిపోతాయి. ఆసుపత్రికైనా, పరీక్షకైనా, వీసాకైనా, చార్మినార్ చూడటానికైనా హైదరాబాద్ వచ్చేవాళ్లు ఏ పేటలో దిగితే మేలో చెప్పే కథనం ఇది.

హైదరాబాద్ ప్రయాణం అనగానే ముందు టికెట్లు చూసుకుంటాం. ఆ తరువాత తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తాం. "అన్నా, రెండు రోజులు పనుంది, ఎక్కడ దిగమంటావు?" అని అడుగుతాం. కూకట్‌పల్లిలో ఉండే అన్న కూకట్‌పల్లి అంటాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే అన్న దిల్‌సుఖ్‌నగర్ అంటాడు. ఇద్దరూ మన మేలు కోరే చెప్తారు. కానీ "నీ పని ఎక్కడ?" అని ముందుగా అడిగినవాడే సరైన సలహా ఇవ్వగలడు.

ఆ ప్రశ్న అడగకుండా గది తీసుకుంటే ఏమవుతుందో ఏ స్టేషన్ దగ్గరైనా కనిపిస్తుంది. మూడు వందలు తక్కువకు వచ్చిందని ఊరి చివర గది తీసుకున్న కుటుంబం ఆ మూడు వందలూ మొదటి ఆటోకే ఇచ్చేస్తుంది. సాయంత్రం మళ్లీ అంతే. డబ్బు పోతే పోయింది, ముసలి తల్లిదండ్రులను, చంటిపిల్లలను వెంటబెట్టుకుని ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఒకే పేరు, నాలుగు ఊళ్లు

ఈ నగరానికి నడిబొడ్డు ఇదీ అని ఒక చోటు చూపించలేం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించి మూసీకి దక్షిణాన నగరాన్ని వెలయించాడు. అదే నేటి పాతబస్తీ. బ్రిటిష్ రెసిడెన్సీ వెలిసిన తరువాత మూసీకి ఉత్తరాన కోఠి, సుల్తాన్‌బజార్, అబిడ్స్ బజార్లుగా పెరిగాయి. హుస్సేన్‌సాగర్‌కు అవతల 1806లో మూడో నిజాం సికందర్ జా పేరున కంటోన్మెంట్ వెలిసింది. సికింద్రాబాద్ అలా పుట్టింది, లష్కర్ అని నేటికీ పిలుస్తారు. 1998లో మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య సైబర్ టవర్స్ మొదలైంది. ఆ చుట్టూ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కలిసి నాలుగో ఊరై కూర్చున్నాయి.

నాలుగింటిలో దేని బజార్లు దానికి ఉన్నాయి, దేని ఆసుపత్రులు, దేని తిండి దానికి ఉన్నాయి. పాతబస్తీ మనిషి నెలల తరబడి గచ్చిబౌలి ముఖం చూడడు. గచ్చిబౌలి ఉద్యోగి చార్మినార్‌కు చుట్టాలు వస్తేనే వెళ్తాడు. రెండు రోజులకు వచ్చిన మనం మాత్రం నాలుగు ఊళ్లనూ ఒకటే అనుకుని ఎక్కడో ఒకచోట గది తీసేస్తాం.

ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే మోసపోతాం. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పది కిలోమీటర్లకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. వాన పడితే ఇంక చెప్పనక్కర్లేదు. ఈ లెక్కకు లొంగనిది మెట్రో ఒక్కటే. 2017 నవంబరులో మొదలైన మెట్రో ఇప్పుడు మూడు దారుల్లో దాదాపు 69 కిలోమీటర్లు నడుస్తోంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ లైన్, జేబీఎస్ బస్‌స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దాకా గ్రీన్ లైన్. అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్ దగ్గర ఒక దారి నుంచి మరో దారికి మారొచ్చు.

అందుకే గది వెతికేటప్పుడు వరుస ఇలా ఉండాలి: ముందు పని ఉన్న చోటు, ఆ తరువాత దానికి దగ్గరి మెట్రో స్టేషన్, ఆఖరున అద్దె. మనలో చాలామంది అద్దెతో మొదలుపెడతారు. ఇబ్బంది అంతా అక్కడే మొదలవుతుంది.

బండి దిగిన చోటే సగం జవాబు

ఎటునుంచి వస్తున్నామన్నది రెండో లెక్క. విజయవాడ, సూర్యాపేట, నల్లగొండ బస్సులు ఎల్బీనగర్ మీదుగా నగరంలోకి వస్తాయి. అక్కడే దిగితే మెట్రో స్టేషన్ ఎదురుగానే ఉంటుంది. ఎంజీబీఎస్ దాకా బస్సులోనే కూర్చోనక్కర్లేదు. వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఉప్పల్ అలాంటిది. కరీంనగర్, నిజామాబాద్, మెదక్ వైపు బస్సులకు సికింద్రాబాద్‌లోని జేబీఎస్ ఉంది. సంగారెడ్డి, జహీరాబాద్ వాళ్లకు మియాపూర్ దగ్గర. మహబూబ్‌నగర్, కర్నూలు బస్సులు ఆరాంఘర్ మీదుగా ఎంజీబీఎస్ చేరతాయి.

రైలు వాళ్లు టికెట్ మీద ఆఖరి స్టేషన్ పేరు ఒకసారి చూసుకోవాలి. ఒకప్పుడు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ అనే మూడు పేర్లే ఉండేవి. ఇప్పుడు కొన్ని రైళ్లు లింగంపల్లి దాకా వెళ్తున్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని అక్కడే ఆగిపోతున్నాయి. చర్లపల్లి నగరానికి తూర్పు అంచు. అక్కడికి మెట్రో లేదు, బస్సో ఆటోనో పట్టుకుని ఉప్పల్ వైపు వచ్చి మెట్రో ఎక్కాలి. గచ్చిబౌలిలో పనున్నవాళ్లు లింగంపల్లి దాకా వెళ్లే రైలు దొరికితే దాన్ని వదులుకోకూడదు. సికింద్రాబాద్‌లో దిగి అంత దూరం వెనక్కి వెళ్లే బాధ తప్పుతుంది.

విమానంలో వచ్చేవాళ్లకు శంషాబాద్ నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రీపగలూ ఉన్నాయి. విమానాశ్రయానికి మెట్రో ఇంకా రాలేదు. తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్లు ఆ ఒక్క రాత్రికి మెహిదీపట్నం, ఆరాంఘర్ వైపు మకాం మార్చుకుంటే మేలు. మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లకు పైగా వంతెన మీదే సాగి ఆరాంఘర్ దగ్గర దింపుతుంది.

నాంపల్లి, అబిడ్స్, కోఠి: అన్ని పనులకూ పనికొచ్చే చోటు

ఒక్క రోజులో రెండు మూడు పనులు చూసుకోవాలనుకునేవాళ్లకు, ఏ పని ఎక్కడ పడుతుందో ఇంకా తెలియనివాళ్లకు నాంపల్లి, అబిడ్స్, లక్డీకాపూల్ చుట్టుపక్కల దిగమని నిస్సంకోచంగా చెప్పొచ్చు. ఇది కొత్త సలహా కాదు. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది. దాని ఎదుట ప్రయాణికుల కోసం నిజాం కాలంలో ఒక సరాయి కట్టారు. రైలు దిగిన మనిషికి నడిచివెళ్లే దూరంలో పడుకోవడానికి చోటుండాలని ఆనాటి నగరానికి తెలుసు. ఇవాళ్టికీ స్టేషన్ రోడ్డులో వరుసగా లాడ్జీలే.

ఇక్కడ నుంచి రెడ్ లైన్ ఎక్కితే ఒకవైపు పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి, ఇంకోవైపు ఎంజీబీఎస్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్. అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్, బిర్లా మందిర్, కోఠి అన్నీ దగ్గరే. చార్మినార్‌కు ఆటోలో వెళ్లినా జేబుకు భారం కాదు. తిండికి లోటు లేదు. అబిడ్స్‌లో పాత తాజ్‌మహల్ హోటల్ భోజనం, మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్, ఏ మూల చూసినా ఇరానీ చాయ్. ఆదివారం దిగితే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు ఉంటుంది. షట్టర్లు మూసిన దుకాణాల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు గుట్టలు పోస్తారు. ఇంజినీరింగ్ గైడ్ల కింద ఎప్పటిదో తెలుగు నవల తగులుతుంది. కూర్చుని వెతికే ఓపిక ఉన్నవాళ్లకు ఒక పూట చాలదు.

సుల్తాన్‌బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కూడా ఈ చుట్టుపక్కలదే. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు, తెలుగు సభలకు నీడనిచ్చిన చోటు. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో పుట్టిన రెడ్డి హాస్టల్ కూడా అబిడ్స్ దగ్గరిదే. పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలకు తలదాచుకునే చోటు దొరకడమే గగనమైన రోజులవి. ఉండటానికి చోటు దొరికింది కాబట్టే ఎందరో చదువులు సాగాయి. ఎక్కడ దిగాలన్నది చిన్న ప్రశ్న కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో గదులు పాతవి. లిఫ్టు లేని మూడంతస్తుల లాడ్జీలు ఉంటాయి, రోడ్డు వైపు గది అయితే హారన్ల మోత ఉంటుంది. లోపలి వైపు గది అడిగి తీసుకోవాలి.

ఆసుపత్రికి వచ్చేవాళ్లు: ఆటో ఎక్కే పని లేకుండా

హైదరాబాద్‌కు కష్టంతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రుల కోసం వచ్చేవాళ్లే. వీళ్లకు చెప్పాల్సింది ఒక్కటే: గది ఎంత చిన్నదైనా సరే, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోండి.

రెడ్‌హిల్స్ సంగతి చూడండి. పిల్లల నీలోఫర్ ఆసుపత్రి, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే ఆసుపత్రి ఇక్కడే ఉన్నాయి. తెల్లారకముందే ఆ వీధుల్లో కదలిక మొదలవుతుంది. భుజానికి స్కానింగ్ కవరు, చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో స్టీలు క్యారియర్ పట్టుకుని నడిచేవాళ్లంతా పేషెంట్ల మనుషులే. ఇంటినుంచి ఇద్దరు వస్తే ఒకరు ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడతారు. రెండోవాళ్లు గదికి వెళ్లి నీళ్లు పోసుకుని, జావ కాచి తెచ్చి, వరుసలో ఉన్న మనిషిని పంపిస్తారు. మధ్యాహ్నం రిపోర్టు మూడు గంటలాగి ఇస్తామంటే ఆ మూడు గంటలూ పేషెంటును గదికి తీసుకెళ్లి పడుకోబెట్టొచ్చు. గది దూరంగా ఉంటే ఆ పేషెంటు ఆసుపత్రి వరండాలో నేలమీదే ఒరగాలి. గది దగ్గరుంటే ఎంత తేడానో ఆ మూడు గంటల్లోనే తెలుస్తుంది.

నిమ్స్‌కు వచ్చేవాళ్లు పంజాగుట్ట, ఎర్రమంజిల్ గల్లీల్లో చూడాలి. రెండుచోట్లా మెట్రో స్టేషన్ ఉంది. గాంధీ ఆసుపత్రికి అదే పేరుతో గ్రీన్ లైన్‌లో స్టేషన్ ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి లాడ్జీల నుంచి అక్కడికి దగ్గర. ఉస్మానియాకు అఫ్జల్‌గంజ్, ఎంజీబీఎస్ చుట్టుపక్కల దిగితే చాలు. 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి బంజారాహిల్స్‌లో ఉన్నాయి. అక్కడికి మెట్రో చేరువలో లేదు. అద్దె కొంచెం ఎక్కువైనా ఆ చుట్టుపక్కల కాలనీల్లో గదులు అడగడమే మంచిది. లేదంటే పంజాగుట్టలో దిగి ఆటోలో వెళ్లాలి.

రోజుల లెక్కన కాకుండా వారానికి, నెలకు గదులిచ్చే ఇళ్లు పెద్ద ఆసుపత్రుల చుట్టూ ఉంటాయి. స్టవ్ పెట్టుకోనిస్తారా లేదా అన్నది ముందే అడగాలి. రేడియేషన్ లాంటి చికిత్స వారాల తరబడి సాగుతుంది. అన్ని రోజులు హోటల్ తిండి పేషెంటుకూ పడదు, ఇంటి ఖర్చుకూ పడదు. ఎక్కడ అడగాలో తెలియకపోతే వార్డులో అప్పటికే కొన్నాళ్లుగా ఉంటున్న పేషెంటు మనుషులను అడగండి. వాళ్లకు తెలిసినంత ఇంటర్నెట్‌కు కూడా తెలియదు. అడగ్గానే వెంట వచ్చి ఇల్లు చూపించేవాళ్లూ ఉన్నారు.

పరీక్షకు వచ్చేవాళ్లు: సెంటర్ ఎటువైపో చూసి

హాల్‌టికెట్ మీద హైదరాబాద్ అని ఉంటుంది. సెంటర్ మాత్రం నగరం చుట్టూ ఉన్న ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనో పడుతుంది. ఘట్‌కేసర్ తూర్పున, ఇబ్రహీంపట్నం ఆగ్నేయాన, మైసమ్మగూడ ఉత్తరాన, గండిపేట పడమరన ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే మన జిల్లా కేంద్రానికి వెళ్లినంత పని. గేటు మూశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఏడాది చదివిన చదువు ట్రాఫిక్ పాలు కాకూడదు.

ఘట్‌కేసర్ వైపు సెంటర్ పడితే ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక. ఇబ్రహీంపట్నం, హయత్‌నగర్ వైపైతే ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్. మైసమ్మగూడ, కొంపల్లి వైపైతే సికింద్రాబాద్. గండిపేట, మొయినాబాద్ వైపైతే మెహిదీపట్నం. ఇంతే లెక్క. ముందురోజు సాయంత్రం ఒకసారి సెంటర్ దాకా వెళ్లి గేటు చూసి వస్తే రాత్రి నిద్ర పడుతుంది.

లాడ్జీ ఖర్చు భరించలేని పిల్లలకు హాస్టళ్లు ఉన్నాయి. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పేరు. మైత్రీవనం చుట్టూ ఉన్న ప్రతి గల్లీలో హాస్టల్ బోర్డులే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి కూడా అంతే. చాలా హాస్టళ్లు 'డైలీ బేసిస్' మీద మంచం ఇస్తాయి, అద్దెలోనే టిఫిన్, భోజనం కలిసి ఉంటుంది. అమ్మాయిలకు విడిగా హాస్టళ్లు ఉన్నాయి, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో అడిగి చేరాలి.

గ్రూప్స్ రాసేవాళ్లకు అశోక్‌నగర్, చిక్కడపల్లి తెలియనివి కావు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున్నే బ్యాగులు పట్టుకుని నిలబడే పిల్లలను చూస్తే ఈ రాష్ట్రంలో ఉద్యోగం కోసం పడే తపన ఎంతటిదో అర్థమవుతుంది. కొత్తగా కోచింగ్‌కు వచ్చేవాళ్లు ముందు రెండు మూడు రోజులు ఇక్కడే ఏదో ఒక హాస్టల్లో ఉండి, గదులూ మెస్సులూ చూసుకుని, ఆ తరువాతే నెల అడ్వాన్సు కట్టాలి. ఫొటోలు చూసి ఊళ్లో ఉండగానే డబ్బు పంపొద్దు.

వీసాకు వచ్చేవాళ్లు: పడమటి దిక్కు

అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. కోనసీమ నుంచి, గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు వీసా ఇంటర్వ్యూకు వచ్చేది అక్కడికే. పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఉండి సికింద్రాబాద్‌లో దిగితే నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. మెట్రో రాయదుర్గం దాకానే ఉంది, అక్కడి నుంచి ఆటోనో క్యాబో తప్పదు.

కాబట్టి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం, కొండాపూర్‌లలో ఒక రాత్రి ఉండటం మంచిది. దానికి మరో కారణం కూడా ఉంది. కాన్సులేట్ లోపలికి సెల్‌ఫోన్లు, బ్యాగులు రానివ్వరు. గది దగ్గర్లో ఉంటే అవన్నీ గదిలోనే పెట్టి కాగితాల ఫైలు ఒక్కటే పట్టుకెళ్లొచ్చు. వేలిముద్రలు, ఫొటో తీసుకునేది వేరేచోట, వేరే రోజు. అపాయింట్‌మెంట్ కాగితం మీద రెండు చిరునామాలూ చూసుకుని, రెండింటికీ మధ్యలో గది తీసుకోవాలి.

ఈ దిక్కున గదులు శుభ్రంగా ఉంటాయి, అద్దె మాత్రం ఎక్కువ. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో సోమవారం నుంచి గురువారం దాకా హోటళ్లు నిండిపోతాయి. శని, ఆదివారాల్లో అదే గది తక్కువకు దొరికే అవకాశం ఉంది. కుటుంబంతో వస్తే ఒక పూట శిల్పారామంలోను, సాయంత్రం 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన దగ్గరా గడపొచ్చు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూడాలనుకుంటే మాత్రం ఇక్కడ దిగొద్దు. పని అయ్యాక నాంపల్లికి మకాం మార్చుకోవడమే తెలివి.

ఊరు చూడటానికి వచ్చేవాళ్లు: మూసీ ఒడ్డున

ఏ పనీ లేకుండా హైదరాబాద్ చూడాలనే వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఒక్క రాత్రైనా మదీనా, పత్తర్‌గట్టి, అఫ్జల్‌గంజ్ దగ్గర ఉండండి. పాతబస్తీని మధ్యాహ్నం క్యాబ్‌లో వచ్చి చూసి పోయేవాళ్లకు ఆ రద్దీ, ఆ ఎండ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున ఆరింటికి చార్మినార్ చుట్టూ దుకాణాలు ఇంకా తెరవరు. పావురాలు, చాయ్ తాగేవాళ్లు తప్ప చౌరస్తా ఖాళీ. మక్కా మసీదు రాళ్ల మీద అప్పుడప్పుడే ఎండ పడుతుంటుంది. ఆ గంటలో చార్మినార్ ఎంత పెద్దదో, ఎంత సున్నితంగా చెక్కారో కళ్లకు కడుతుంది. ఎదుటి హోటల్లో ఉస్మానియా బిస్కెట్ తిని, ఇరానీ చాయ్ తాగి, ఎనిమిది దాకా గల్లీల్లో తిరిగి గదికి వచ్చేయొచ్చు.

లాడ్‌బజార్‌కు మళ్లీ పదకొండు తరువాత వెళ్లాలి. అక్కడ లక్క గాజులు చేసేవాళ్లు పని చేస్తుండగా చూడొచ్చు. నిప్పుల సెగ మీద లక్క ముద్దను మెత్తబరిచి, పుల్లలా సాగదీసి, చివరలు కలిపి గాజుగా చుడతారు. అది చల్లారకముందే ఒక్కో రాయిని వరుస తప్పకుండా అద్దుతారు. వేడి తగ్గితే రాయి అంటుకోదు, వేడి ఎక్కువైతే గాజు వంగిపోతుంది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని చేసే చేతులు చూశాక బేరమాడాలని అనిపించదు.

చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటాయి. జూపార్కుకు సోమవారం సెలవు. రామోజీ ఫిల్మ్‌సిటీ విజయవాడ రోడ్డులో ఉంది. దానికి వెళ్లాలనుకునేవాళ్లు ఆ రాత్రికి ఎల్బీనగర్ దగ్గర దిగితే సగం దూరం కలిసొస్తుంది. ముచ్చింతల్ సమతామూర్తి విగ్రహం శంషాబాద్ వైపు, కాబట్టి విమానం ఎక్కే రోజుకు పెట్టుకోవాలి. యాదగిరిగుట్ట వెళ్లేవాళ్లకు ఉప్పల్ దగ్గర. దిక్కును బట్టి రోజులు పంచుకుంటే మూడు రోజుల్లో చూసేవి రెండు రోజుల్లో చూడొచ్చు.

చుట్టాలింట్లో దిగితే

తెలుగువాళ్లకు హైదరాబాద్‌లో చుట్టాలు లేని ఇల్లు అరుదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ల చుట్టాలు ఎక్కువగా కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్, నిజాంపేటల్లో ఉంటారు. నల్లగొండ, ఖమ్మం వాళ్లకు ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్. "మా ఇల్లుండగా లాడ్జీ ఏంటి పిన్నీ!" అని వాళ్లు నొచ్చుకుంటారు. పెళ్లికో పేరంటానికో వస్తే ఆ మాట కాదనకూడదు. చుట్టాలను కలవడమే అప్పుడు పని.

ఎల్బీనగర్‌లో తెల్లవారుజామున పరీక్ష పెట్టుకుని మియాపూర్‌లో దిగడం మాత్రం ఎవరికీ సుఖం కాదు. మనకోసం వాళ్లు నాలుగింటికి లేవాలి. పేషెంటు ఉంటే వాళ్ల రెండు గదుల ఇంట్లో పిల్లల చదువులు చెడతాయి. ముందు పని ఉన్న చోట గది తీసుకుని పని పూర్తి చేసుకుని, తరువాత ఒక పూట పళ్లు పట్టుకుని చుట్టాలింటికి వెళ్తే మర్యాదా దక్కుతుంది, మాట్లాడుకోవడానికి తీరికా దొరుకుతుంది. నొచ్చుకోకుండా ఈ మాట ముందే ఫోన్లో చెప్పేయాలి.

తేదీ చూసుకుని, నాలుగు మాటలు అడిగి

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరుగుతుంది. 1938లో మొదలైన ఈ ప్రదర్శన జరిగే రోజుల్లో సాయంత్రాలు నాంపల్లి దారులు కిటకిటలాడతాయి. మృగశిర కార్తెకు చేపమందు కోసం జనం ఆ గ్రౌండ్స్‌కే తరలివస్తారు. ఆషాఢంలో గోల్కొండతో మొదలై లష్కర్, లాల్‌దర్వాజ బోనాలు జరుగుతాయి. గణేశ్ నిమజ్జనం నాడు చార్మినార్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా దారులు మళ్లిస్తారు. ఆ రోజు ఆసుపత్రి పనో విమానమో ఉంటే ముందురోజే ఆ చోటికి చేరుకోవాలి. వేడుక చూడటానికే వస్తే ఖైరతాబాద్, లక్డీకాపూల్‌ను మించిన చోటు లేదు.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి కొన్ని. చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా, దిగినప్పటి నుంచి 24 గంటలకా? తెల్లవారుజామున బస్సు దిగేవాళ్లకు రెండోదే లాభం. వేడినీళ్లు రోజంతా వస్తాయా? లిఫ్టు ఉందా? గదికి కిటికీ ఉందా? మెట్రో స్టేషన్‌కు నడిచి ఎంతసేపు? అందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, దానికీ ఆ కార్డు పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్నవాళ్లకు ఇక్కడ టికెట్ తప్పదు.

నగరపాలకులకూ ఒక మాట. నిజాం కాలంలో స్టేషన్ ముందు సరాయి కట్టగలిగినప్పుడు, ఇవాళ ప్రతి పెద్ద ఆసుపత్రి గేటు ఎదుట పేషెంట్ల మనుషులకు తక్కువ అద్దెకు శుభ్రమైన గదులు కట్టలేమా? కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర షెల్టర్లు ఉన్నాయి, వచ్చే జనానికి అవి చాలడం లేదు. ఎత్తయిన వంతెనలకు పెట్టే శ్రద్ధలో కొంత వీటి మీద పెడితే వేల కుటుంబాలు వరండాల్లో పడుకోవాల్సిన గతి తప్పుతుంది. నగరం మీద ఆధారపడి వచ్చే పల్లె మనిషికి పడుకోవడానికి చోటు చూపించడం ఆ నగరం బాధ్యత.

అది జరిగేదాకా మన జాగ్రత్త మనదే. ఈసారి ఎవరైనా ఫోన్ చేసి "బాబాయ్, హైదరాబాద్ వస్తున్నాం, ఎక్కడ దిగమంటావు?" అని అడిగితే మన పేట పేరు చెప్పేముందు వాళ్ల పనేంటో, ఎక్కడో, ఏ పూటో కనుక్కుందాం. అప్పుడు చెప్పే పేరే వాళ్లకు అక్కరకొస్తుంది.